కరకట్ట కింద ఇసుక

అమెరికాలో ఉద్యోగం అనగానే మనవాళ్లు వేసే తొలి ప్రశ్న "ఏ టెక్నాలజీ?" అని. "మట్టి" అంటే ఎగతాళి చేస్తున్నాననుకుంటారు. నేను చేసేది అదే. మిసిసిపీ నది కరకట్టల వెంబడి బోర్లు వేయించి, ఏ లోతులో ఏ మట్టి ఉందో రాసిపెట్టే పని.

140 పౌండ్ల సుత్తి 30 అంగుళాల ఎత్తు నుంచి పడుతూ ఉంటుంది. గొట్టం ఒక్కో అడుగు లోతుకు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెట్టాలి. పైకి తీసి గొట్టం విప్పితే బూడిదరంగు బంకమన్ను, గోటితో నొక్కితే అచ్చు పడేంత మెత్తన. కొన్ని చోట్ల అది ఉన్నట్టుండి ఆగిపోతుంది. గీత గీసినట్టు, దాని కింద శుభ్రమైన ఇసుక. బంకమన్ను నిలిచిన నీరు వదిలింది, ఇసుక పరుగెత్తే నీరు తెచ్చింది. ఎప్పుడో నది అక్కడ గట్టు తెంచుకుని గండి కొట్టిందన్నమాట.

మాకు ఆ ఇసుకంటేనే భయం. వరద నిలిచినప్పుడు నీరు దాని గుండా కట్ట కిందుగా పాకి, అవతలి పొలంలో ఇసుకతో సహా బుడబుడమంటూ ఊరుతుంది. పట్టించుకోకపోతే కట్ట అడుగే గుల్లవుతుంది. 2011 వరదలో మిసిసిపీ రాష్ట్రంలోని విక్స్‌బర్గ్ దగ్గర నీటిమట్టం 57.1 అడుగులకు చేరింది. ఇసుక బస్తాలతో ఊటల చుట్టూ కట్టిన వలయాల గురించి ఇక్కడి పాత ఉద్యోగులు ఇప్పటికీ కథలుగా చెబుతారు.

మా డ్రిల్లర్ అదే రాష్ట్రంలో నది ఒడ్డునున్న గ్రీన్‌విల్ మనిషి, నల్లజాతి పెద్దాయన. 1927 ఏప్రిల్‌లో ఆ ఊరి ఎగువన మౌండ్స్ లాండింగ్ దగ్గర కట్ట తెగింది. వేల నల్లజాతి కుటుంబాలను కట్ట మీదే ఉంచి, కాపలా పెట్టి పని చేయించారు. ఆ తర్వాత చాలామంది ఊరొదిలి షికాగో వైపు వెళ్లిపోయారు. ఆయన చెప్పే వరద కథలో నీళ్లు తక్కువ, మనుషులు ఎక్కువ.

అందుకే జేక్‌టౌన్ సంగతి చదివినప్పుడు నాకు మొదట ఆయనే గుర్తొచ్చారు. మిసిసిపీ రాష్ట్రంలోనే, యాజూ నది మైదానంలో బెల్జోని ఊరి పక్కనున్న ఈ పురావస్తు స్థలంలో సుమారు 3,300 ఏళ్ల కిందటి మట్టి నిర్మాణాలు వరద మేటల కింద దొరికాయి. ఇక్కడ పనిచేసిన పురావస్తు శాస్త్రవేత్త టి.ఆర్. కిడర్ బృందం వాదన ఇది: వాతావరణం మారింది, వరదల ఉధృతి పెరిగింది, దిగువ మిసిసిపీ లోయలో జనం పలచబడ్డారు. దాదాపు 2,780 ఏళ్ల కిందటి దాకా ఆ పరిస్థితి నడిచింది.

ఆ కాలపు జనం పోగొట్టుకున్నది ఎంతటిదో తెలియాలంటే విక్స్‌బర్గ్ నుంచి నది దాటి లూసియానాలోని పావర్టీ పాయింట్ అనే పురాతన స్థలానికి వెళ్లాలి. వ్యవసాయం లేని వేటగాళ్లు, చేపలు పట్టేవాళ్లు తట్టలతో మట్టి మోసి 22 మీటర్ల దిబ్బ పోశారు. ఆ నేలలో రాయి దొరకదు. బంకమన్నుతో ఉండలు చేసి, కాల్చి, వాటి వేడితో గుంటల్లో వంట చేసుకున్నారు. పనిముట్ల రాయి, రాగి మాత్రం వందల మైళ్ల అవతలి నుంచి వచ్చేవి. ఆ రాకపోకలు తెగిపోయాయి. తర్వాత వచ్చినవాళ్లు కుండలు చేశారు గానీ, అంతటి దిబ్బ జోలికి చాలా కాలం పోలేదు.

వరదే అంతా చేసిందంటే నేను ఒప్పుకోను. పావర్టీ పాయింట్ ఉన్నది మెరక మీద. ఆ ఊరు మునిగిందనడం కంటే దాన్ని పోషించిన పల్లపు నేలలు, చేపల మడుగులు, పడవ దారులు చెదిరాయనడం నాకు నమ్మకంగా ఉంది. ఊరు ఖాళీ కావడానికి ఇంట్లోకి నీళ్లు రానక్కర్లేదు, షికాగో రైలెక్కిన వాళ్లలో పొలం పోయినవాళ్లే కాదు, ఇక్కడి బతుకుతో విసిగినవాళ్లూ ఉన్నారు.

భద్రాచలంలో గోదావరికి 1986 నాటి 75.6 అడుగులే ఇప్పటికీ గరిష్ఠం. మా ఇంట్లో ఏ వరదనైనా దానితోనే పోలుస్తారు. ఇక్కడి ఆఫీసులో ఆ స్థానం 1927ది, 2011ది. రెండు చోట్లా మన లెక్క కొలబద్ద నాటిన రోజు నుంచే మొదలవుతుంది. నది తీరే కొన్ని వందల ఏళ్లపాటు మారిపోయిన కాలం ఆ లెక్కలోకి రాదు. ఈ మాట ఒక సమావేశంలో అంటే పై అధికారి మర్యాదగా విని, తర్వాతి బోరు లోతు ఎంతని అడిగారు. ఆయన తప్పూ లేదు. మేము నింపే కాగితంలో లోతుకు, దెబ్బల సంఖ్యకు, రంగుకు, తేమకు గడులున్నాయి. ఇసుక వయసుకు లేదు. ఈమధ్య నేను వ్యాఖ్యల గడిలో "పాత గండి మేట కావచ్చు" అని రాస్తున్నాను. ఇంతవరకు ఎవరూ కొట్టెయ్యలేదు.