స్టాగ్ ఫీల్డ్‌లో చివరి సీజన్: 1939 నాటి జట్టు గురించి వెతికిన అనుభవం

షికాగో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివేటప్పుడు ఒక కోర్సు కోసం పాత కాగితాలు చూసి వ్యాసం రాయాల్సి వచ్చింది. నేను అక్కడి 1939 నాటి కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు మరూన్స్‌ను ఎంచుకున్నాను. వాళ్లు ఆడిన స్టాగ్ ఫీల్డ్ మనలో చాలామందికి భౌతికశాస్త్రం వల్లే తెలుసు. 1942 డిసెంబర్ 2న ఫెర్మీ బృందం అణు గొలుసు చర్యను తొలిసారి నడిపింది ఆ మైదానం పడమటి స్టాండ్ల కిందే. అంత పెద్ద మైదానంలో ఆట ఎందుకు ఆగిపోయిందన్నదే నా ప్రశ్న.

పని ఎలా సాగిందో చెబుతాను, ఇలాంటి వ్యాసం రాయబోయేవాళ్లకు పనికొస్తుంది. ముందు విద్యార్థుల పత్రిక ‘డైలీ మరూన్’ పాత సంచికల స్కాన్లు ఇంట్లోనే చదివి, మ్యాచ్‌ల తేదీలు, స్కోర్లు రాసుకున్నాను. ఆ తర్వాతే రెగెన్‌స్టైన్ లైబ్రరీలోని స్పెషల్ కలెక్షన్స్‌లో (పాత పత్రాలు భద్రపరిచే విభాగం) పెట్టెలు అడిగాను. తేదీలు చేతిలో లేకుండా వెళ్తే అన్ని కాగితాల్లో ఏది ముఖ్యమో తేలదు. అప్పటి విశ్వవిద్యాలయ ప్రెసిడెంట్ హచిన్స్ ఆఫీసు ఫైళ్లు, పాత కోచ్ స్టాగ్ కాగితాలు రెండూ అక్కడే ఉన్నాయి. పెన్సిల్‌తోనే రాసుకోవాలి, ఫోల్డర్‌లో కాగితాల వరుస చెదరకూడదు. ఆ నిదానం నాకు బాగా నచ్చింది.

కష్టమైంది స్కోర్లు చదవడం. బెలాయిట్ చేతిలో 6–0తో ఓటమి, వాబాష్ మీద 12–2తో గెలుపు. తర్వాత వరసగా హార్వర్డ్ 61–0, మిషిగన్ 85–0, వర్జీనియా 47–0, ఒహాయో స్టేట్ 61–0తో ఓడించాయి. ఓబర్లిన్ మీద 25–0తో గెలిచారు. చివరికి ఇల్లినాయ్ 46–0తో ఓడించింది. ఎనిమిది మ్యాచ్‌లలో చేసినవి 37 పాయింట్లు, ఇచ్చినవి 308.

మిషిగన్ మ్యాచ్ సొంత మైదానంలోనే, అక్టోబర్ 21న జరిగింది. 85 పాయింట్లు ఇచ్చిన కుర్రాళ్లు మరుసటి శనివారం మళ్లీ బరిలోకి దిగారు. ఒహాయో స్టేట్ చితక్కొట్టిన వారానికే ఓబర్లిన్‌ను ఓడించారు. ఈ జట్టు ప్రస్తావన వస్తే అందరూ 85–0 గురించే మాట్లాడతారు, ఓబర్లిన్ పేరు ఎవరూ ఎత్తరు. నాకు అది అన్యాయం అనిపిస్తుంది.

1905లో, 1913లో దేశంలోనే మేటి జట్టు ఇదే. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ తొలిసారి 1935లో వచ్చింది ఇక్కడి జే బెర్వాంగర్‌కే. మరి ఎందుకిలా అయింది? హచిన్స్ 1929లో ప్రెసిడెంట్ అయ్యాక చదువే ముఖ్యమన్నారు. నలభై ఏళ్లు కోచ్‌గా ఉన్న స్టాగ్‌ను డెబ్భై ఏళ్లు నిండాయని 1932 సీజన్ తర్వాత రిటైర్ చేశారు. ఆటగాళ్లకు డబ్బు సాయం చేసి రప్పించడం హచిన్స్‌కు ఇష్టం లేదు. వ్యాయామ విద్యలో డిగ్రీ కోర్సు కూడా లేదు కాబట్టి, ఆట కోసం వచ్చేవాళ్లకు తేలిక దారి ఏదీ లేదు. హచిన్స్ ఉద్దేశం నాకు సబబుగానే తోచింది. కానీ ఆ నిర్ణయం తీసుకున్నాక కూడా మిషిగన్ లాంటి జట్లతో మ్యాచ్‌లు పెట్టుకుంటూ పోవడం ఆ పిల్లలకు చేసిన ద్రోహం. సీజన్ ముగిశాక డిసెంబర్ 21న ట్రస్టీలు ఫుట్‌బాల్‌ను రద్దు చేశారు.

కోచ్ చేతకానివాడేమో అన్న అనుమానం నాకూ ఉండేది. అది తేల్చుకోవడానికి వెతుకులాట షికాగో కాగితాలు దాటి వెళ్లింది. 1939లో ఈ జట్టుకు కోచ్‌గా ఉన్న క్లార్క్ షానెసీ 1940లో స్టాన్‌ఫర్డ్‌కు వెళ్లాడు. అంతకు ముందు ఏడాది స్టాన్‌ఫర్డ్ గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్. అదే జట్టు అతని ‘టీ ఫార్మేషన్’ (ఆటగాళ్లను T అక్షరం ఆకారంలో నిలిపే) వ్యూహంతో ఆడిన పది మ్యాచ్‌లూ గెలిచింది. వాటిలో చివరిది, 1941 జనవరి 1న నెబ్రాస్కాపై 21–13తో గెలిచిన రోజ్ బౌల్ అనే పేరున్న మ్యాచ్.