మసక వెలుతురు గదిలో వీణ పాఠాలకు క్యామ్‌కార్డర్ ఎంపిక

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మా పిన్ని సాయంత్రం పూట ఇంటి దగ్గరే వీణ నేర్పుతారు. ఊరు విడిచి వెళ్లిన శిష్యురాళ్లు ఆ పాఠాలను యూట్యూబ్‌లో పెట్టమని అడుగుతూ ఉండడంతో, అందుకు తగిన క్యామ్‌కార్డర్‌ను చూసిపెట్టే పని నాకు అప్పగించారు. ఆ గదికి ఉన్నది ఒకే కిటికీ. పొద్దు గూకాక గోడ మీది ఎల్‌ఈడీ ట్యూబ్‌లైటే ఆధారం. ఆ వెలుతురులోనే ఎడమచేతి వేలు ఏ మెట్టు మీద తీగను ఎంత లాగి గమకం పలికించిందో చూసేవారికి స్పష్టంగా కనిపించాలి. అది కనిపించని వీడియో వినడానికి పనికివస్తుంది గాని నేర్చుకోవడానికి పనికిరాదు.

తక్కువ వెలుతురులో పనితీరును చెప్పడానికి తయారీదారులు లక్స్ (వెలుతురు కొలత) అంకె ఒకటి ఇస్తారు, ఎంత మసక వెలుతురు వరకు కెమెరా పనిచేస్తుందో అది చెబుతుంది. ఆ అంకెను రాబట్టడానికి షట్టర్‌ను (ఒక్కో ఫ్రేముకు వెలుతురును లోపలికి రానిచ్చే వ్యవధిని) ఎంత నెమ్మదింపజేశారు, గెయిన్‌ను (కెమెరా లోపల సంకేతాన్ని పెంచే మోతాదును) ఎంత పెంచారు, ఏపాటి బొమ్మ వస్తే చాలుననుకున్నారు అనేవి సంస్థకో తీరుగా ఉంటాయి కనుక, రెండు పెట్టెల మీది లక్స్ అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడం వల్ల ప్రయోజనం లేదని నా అభిప్రాయం. షట్టర్‌ను సెకనులో 25వ వంతుకో అంతకన్నా నెమ్మదికో దించి సాధించిన అంకె మా అవసరానికి పూర్తిగా విరుద్ధమైనది. గది వెలుగుగానే కనిపిస్తుంది, కాని కదిలే వేలు అలుక్కుపోతుంది.

అసలు చూడవలసింది వెలుతురును బొమ్మగా మార్చే చిప్, అంటే సెన్సర్ పరిమాణాన్ని. సోనీ సీఎక్స్405 వంటి చిన్న క్యామ్‌కార్డర్‌లో అది 1/5.8 అంగుళాల తరగతికి చెందినది, ఏఎక్స్53లో 1/2.5 అంగుళాలు, ఏఎక్స్100లో 1 అంగుళం. ఈ అంగుళాల లెక్క పాత వీడియో కెమెరా ట్యూబుల కాలం నాటిది కావడం వల్ల అసలు కొలతను నేరుగా చెప్పదు. 1 అంగుళం అని పిలిచే సెన్సర్ నిజానికి 13.2 మిల్లీమీటర్ల వెడల్పు, 8.8 మిల్లీమీటర్ల ఎత్తు మాత్రమే ఉంటుంది. అయినా 1/5.8 అంగుళాల దానితో పోలిస్తే దాని వైశాల్యం 20 రెట్లకు పైమాటే. వెలుతురు చాలనప్పుడు కెమెరా తనంతట తాను గెయిన్ పెంచుతుంది. ప్రతి 6 డెసిబెల్‌లకు సంకేతం రెట్టింపవుతుంది, దానితోపాటు నీడల్లో కదలాడే చుక్కలూ పైకి తేలుతాయి. పెద్ద సెన్సర్ మొత్తం మీద ఎక్కువ వెలుతురును పోగుచేస్తుంది కనుక అంతే గెయిన్‌లోనూ ఆ చుక్కలు తక్కువగా కనిపిస్తాయి.

దుకాణంలో అందరూ ముందుగా చూపించే జూమ్ ఇంటి లోపల మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. సీఎక్స్405 లెన్స్ వెడల్పు కోణంలో ఎఫ్/1.8 దగ్గర (ఈ అంకె పెరిగేకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది) మొదలై, 30 రెట్ల జూమ్ చివరికి వచ్చేసరికి ఎఫ్/4కు పడిపోతుంది, అంటే సెన్సర్‌కు చేరే వెలుతురు దాదాపు ఐదో వంతుకు తగ్గుతుంది. అందుచేత గది చివర నిలబడి జూమ్ చేయడం కన్నా, ట్రైపాడ్‌ను వీణ దండికి వీలైనంత దగ్గరగా జరిపి జూమ్‌ను ముట్టకుండా ఉంచడమే మంచిది.

చాలామంది పట్టించుకోని విషయం మన కరెంటు. అది సెకనుకు 50 ఆవర్తనాలది. నాసిరకం డ్రైవర్ (దీపానికి తగ్గట్టు కరెంటును మార్చి ఇచ్చే భాగం) ఉన్న ఎల్‌ఈడీ దీపాలు దానికి రెట్టింపుగా, సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి ఆ సంగతి తెలియదు. షట్టర్ 1/60లో ఉన్న కెమెరాకు మాత్రం గోడ మీద వెలుగునీడల పట్టీలు పాకుతున్నట్లు కనిపిస్తుంది. షట్టర్‌ను 1/50కో 1/100కో బిగిస్తే పట్టీలు పోతాయి కనుక, షట్టర్‌ను చేత్తో మార్చుకునే వీలు లేని కెమెరాను ఎంత చవకగా వచ్చినా నేను కొనమని చెప్పను. మన ఇళ్లలో అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత కెమెరా తెప్పించుకోవడం మామూలే. అక్కడ అమ్మే క్యామ్‌కార్డర్లలో కొన్ని సెకనుకు 60 ఫ్రేముల పద్ధతికే కట్టుబడి ఉంటాయి. 25 లేదా 50 ఫ్రేములకు మారుతుందో లేదో ముందే చూసుకోవాలి.

వెబ్ వీడియోకు ఇంత శ్రద్ధ అక్కర్లేదని కొందరు అంటారు. నిజానికి అక్కడే ఎక్కువ అవసరం. మనం పంపిన వీడియోను యూట్యూబ్ మళ్లీ కుదిస్తుంది. ఒక ఫ్రేముకూ మరో ఫ్రేముకూ మధ్య మారినదాన్ని మాత్రమే దాచుకోవడం ఆ కుదింపులో కీలకం. చీకటి మూలల్లోని చుక్కలు ప్రతి ఫ్రేములోనూ మారుతుంటాయి కనుక వేళ్లకు దక్కవలసిన డేటాను అవి తినేస్తాయి, చేయి గళ్లుగళ్లుగా విరిగి కనిపిస్తుంది. 1080 రిజల్యూషన్‌లో 25 ఫ్రేముల వీడియోను 8 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) దగ్గర పంపమని యూట్యూబ్ సూచిస్తుంది. 4కే అయితే 35 నుంచి 45 ఎంబీపీఎస్. మా అవసరానికి చుక్కలు లేని 1080 చాలు. ఏవీసీహెచ్‌డీ అనే పాత రికార్డింగ్ పద్ధతిలోని ఇంటర్‌లేస్డ్ రికార్డింగ్‌ను (బొమ్మను సరి, బేసి గీతలుగా రెండు సగాలు చేసి తీసే తీరును) మాత్రం ఎంచుకోకూడదు. కంప్యూటర్ తెర మీద కదిలే వేలి అంచులు దువ్వెన పళ్లలా చీలిపోతాయి.

లెన్స్ మార్చుకోగల మిర్రర్‌లెస్ కెమెరాల సెన్సర్ సాధారణంగా ఇంకా పెద్దది. కాని ఎఫ్/1.8 లెన్స్‌తో దగ్గరగా తీస్తే దండికి ఈ చివరి మెట్టు స్పష్టంగా ఉండి ఆ చివరిది మసకబారుతుంది. కొన్నింటిలో అరగంటకే రికార్డింగ్ ఆగిపోతుంది. అందుకే పిన్నికి 1 అంగుళం సెన్సర్, బయటి మైక్ పెట్టుకునే సదుపాయం ఉన్న క్యామ్‌కార్డర్‌నే సూచించాను. దానితోపాటు ఒక ఎల్‌ఈడీ ప్యానెల్ కొని, వీణ వార్నిష్ మీద మెరుపు పడకుండా దాన్ని తెల్లటి పైకప్పు వైపు తిప్పి పెట్టమన్నాను.

డాబాగార్డెన్స్‌లోనో ద్వారకానగర్‌లోనో దుకాణానికి వెళితే అక్కడి దీపాల ధాటికి ప్రతి కెమెరా బాగానే కనిపిస్తుంది. మన మెమరీ కార్డు వేసి, కౌంటరు కింది నీడలో చేతివేళ్లను కదిలిస్తూ ఒక నిమిషం తీసి, ఇంటికి వచ్చి పెద్ద తెర మీద చూసుకోవాలి. వాడిన కెమెరా అయితే లెన్స్‌లోకి టార్చి వేసి చూడడం తప్పనిసరి. మన సముద్రపు తేమకు అద్దాల మధ్య సాలెగూడు పోగుల్లా బూజు పట్టి ఉంటే, ధర ఎంత తగ్గించినా తీసుకోకూడదు.