డెహ్రాడూన్‌లో తప్పించుకున్న పురుగు

డెహ్రాడూన్ వెళ్లేవాళ్లు చాలామంది మస్సూరీ కోసం వెళ్తారు. నేను లాంటానా పొదల్లో ఉండే లేస్ బగ్ కోసం వెళ్లానంటే మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు.

మే నెల. అక్కడ ఫారెస్ట్రీ చదువుతున్న మా పిన్ని కొడుకు ముందుగా ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కి తీసుకెళ్లాడు. 1929లో ప్రారంభమైన పెద్ద ఎర్ర ఇటుకల భవనం. మ్యూజియంలో 704 ఏళ్ల దేవదారు అడ్డకోత పక్కన జనం ఫొటోలు దిగుతున్నారు. నా ధ్యాసంతా పురుగు కథ మీదే.

లాంటానాని పూల అందం కోసం 1800ల మొదట్లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కి తెచ్చారు. అది గోడ దాటి అడవులను కమ్మేసింది. దాన్ని తినే పురుగు కోసం వెతికినవాళ్లకు మెక్సికోలో ఈ లేస్ బగ్ దొరికితే 1902లో హవాయిలో వదిలారు. మన దేశానికి 1941లో ఆస్ట్రేలియా నుంచి వచ్చి, పరీక్షల కోసం ఇక్కడికే చేరింది. ఆ పరీక్షల్లో టేకు పూలనూ పీలుస్తోందని తేలేసరికి అందరికీ టెన్షన్. అటవీశాఖకు టేకు కంటే విలువైనది ఏముంది? ఉన్నవాటిని చంపేయమన్నారు. ఎలాగో కొన్ని బయటపడ్డాయి. ఆ తర్వాత అడ్డేముంది!

మర్నాడు పొద్దున్నే రాజ్‌పూర్ నుంచి మస్సూరీకి వెళ్లే పాత నడకదారి ఎక్కాం. కొంచెం దూరం పోగానే లాంటానా. ఆకులు పైన తెల్లగా పాలిపోయి, అంచులు ఎండి ముడుచుకున్నాయి.

"ఆకు తిప్పి చూడన్నా," అంటూ భూతద్దం చేతికిచ్చాడు తమ్ముడు.

అడుగున నల్లటి రెట్ట చుక్కలు, వాటి మధ్య ఒళ్లంతా ముళ్లున్న పిల్ల పురుగులు. పెద్దది నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు. భూతద్దంలో రెక్కలు చూస్తే నరసాపురం లేసే గుర్తొచ్చింది: సన్నటి గళ్లు, గళ్ల మధ్య అద్దంలా పారదర్శకమైన పొర. సూదిలాంటి మూతి ఆకులో దించి కదలకుండా కూర్చుంది. ఇంత నాజూకైన పురుగు అంత పొదను వాడగొట్టిందంటే, కళ్లతో చూస్తేగానీ నమ్మలేం.

"టేకుని ఏమైనా చేసిందా మరి?"

"అడవిలో చెప్పుకోదగ్గ నష్టమేం లేదు. ఉగాండాలో మాత్రం లాంటానా పక్కన వేసిన నువ్వుల మీద పడింది."

నువ్వులనగానే మా ఊరి చేలు గుర్తొచ్చి గుండె ఒకసారి గుభేలుమంది. ముందు పరీక్షించాలన్న ఆనాటి శాస్త్రవేత్తల జాగ్రత్త అతి కాదనే నాకనిపించింది.

అయితే లాంటానా ఓడిపోయిందా? లేదు. ఎండిన కొమ్మ మొదట్లోనే పచ్చటి చిగురు కనిపించింది. వానలు పడితే నెల తిరక్కుండా పొద మళ్లీ లేస్తుందట. అందుకే, పురుగుని చూడాలంటే వర్షాలకు ముందే వెళ్లాలి. టోపీ, నీళ్లు మర్చిపోవద్దు. పొడుగు చేతుల చొక్కా కూడా వేసుకోండి, లాంటానా కొమ్మలు బాగా గీసుకుంటాయి.