జెనిత్ కెమెరా, ట్రేసింగ్ పేపరు, మనిషికి మూడు ఫ్రేములు

మన బడి పాత విద్యార్థుల సంచికకి ఏదైనా రాయమని కమిటీ వాళ్ళు ఫోన్ చేసినప్పుడు నేను మొట్టమొదట అడిగింది కవర్ ఎవరు చేస్తున్నారని. చెప్పారు, సరే అన్నాను. లోపలి పేజీల్లో ఎన్ని ఫాంట్లు వాడుతున్నారని కూడా అడిగాను, దానికి మాత్రం ఇంతవరకూ జవాబు లేదు. హైదరాబాద్‌లో పచ్చళ్ళ సీసాలకీ కారప్పొడుల ప్యాకెట్లకీ లేబుళ్ళు డిజైన్ చేసి బతుకుతున్నదాన్ని, ఇలాంటివి అడక్కుండా ఉండలేను. ఈ పిచ్చి అంటించింది మన బడే. ఇంకా సరిగ్గా చెప్పాలంటే మన డ్రాయింగ్ మాస్టారూ, ఆయన మమ్మల్ని తరిమిన బందరు వీధులూ.

మాది 2005 పదో తరగతి బ్యాచ్. గ్రాఫిక్ డిజైన్ అనే మాట టైంటేబుల్లో ఎక్కడా ఉండేది కాదు. శనివారం మధ్యాహ్నం డ్రాయింగ్ పీరియడ్‌నీ దాని పక్కనున్న పని అనుభవం పీరియడ్‌నీ కలిపేసి మాస్టారు దానికి ప్రాజెక్టు అని పేరు పెట్టారు. కంప్యూటర్ గది ఉంది, విండోస్ 98 మిషన్లు ఉన్నాయి, వాటికి గుడ్డ తొడుగులు ఉన్నాయి, చెప్పులు బయట వదలాలని బోర్డు ఉంది. తాళం మాత్రం కంప్యూటర్ సార్ జేబులో ఉండేది. మాకు దానిలోకి దూరాలని ఎంత ఉన్నా, కాగితం మీద చేత్తో గీసి చూపించందే మౌసు ముట్టుకోనిచ్చేవారు కాదు మాస్టారు. అప్పట్లో అది చాదస్తం అనుకునేవాళ్ళం.

ఎనిమిదిలో మొదటి ప్రాజెక్టు పిన్‌హోల్ కెమెరా. పాలపొడి డబ్బాకి లోపల నల్లపెయింట్ వేసి, పక్కన ఒక చిల్లు కొట్టి, ఆ చిల్లు మీద కూల్‌డ్రింక్ టిన్నులోంచి కత్తిరించిన రేకుముక్క అంటించి, దానికి సూదిమొనతో సన్న బెజ్జం పెట్టాలి. లోపల ఎదురుగా ఫోటో పేపరు. కోనేరు సెంటర్ దగ్గర స్టూడియో బాబాయి గుర్తున్నాడా, ఆయన దగ్గర డబ్బాల కొద్దీ పాత బ్లాక్ అండ్ వైట్ పేపరు మిగిలిపోతే మాకు ఇచ్చాడు. సైన్స్ ల్యాబ్ కిటికీలకి దుప్పట్లు కట్టి, ఎర్రబల్బు వేసి, టిఫిన్ ట్రేలలో మందులు పోసుకుని కడిగేవాళ్ళం. ఆ పేపరుకి ఎర్రవెలుతురు కనపడదు కాబట్టి ఎర్రబల్బు అని మాస్టారు చెప్తుంటే, తలుపు దగ్గర నిలబడి చూస్తున్న కెమిస్ట్రీ సార్ ఆగలేక లోపలికి వచ్చేశారు. వెలుతురు తగిలిన సిల్వర్ బ్రోమైడ్ డెవలపర్‌లో నల్లగా మారుతుందనీ, తగలనిదాన్ని హైపో కరిగించి తీసేస్తుందనీ, హైపో అంటే సోడియం థయోసల్ఫేట్ అనీ ఆయన చీకట్లో చెప్పిన ఆ పాఠం ఒక్కటే నాకు కెమిస్ట్రీలో ఈ రోజుకీ గుర్తున్నది.

మా డబ్బాని ఇంటర్వెల్‌లో గ్రౌండుకి ఎదురుగా ఇటుకల మీద పెట్టి బెజ్జం తెరిచాం. కడిగి చూస్తే ఫోటోలో బడి ఉంది, చెట్లు ఉన్నాయి, ఒక్క పిల్లాడు లేడు! బడి పిల్లలందరూ అక్కడే గోల గోలగా పరుగెత్తుతున్నారు, కానీ ఎక్స్‌పోజర్ చాలాసేపు కావడంతో కదిలినవాళ్ళు ఎవరూ పేపరు మీద పడలేదు. గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్న వాచ్‌మన్ తాత ఒక్కడే పడ్డాడు. ఇంకో విచిత్రం, వరండా చూరు విల్లులా వంగిపోయింది, జెండా కర్ర మాత్రం నిటారుగా ఉంది. ఎందుకని అడిగితే మాస్టారు చెప్పకుండా డబ్బా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. రెండు రోజులు బుర్ర గోక్కుంటే తెలిసింది: డబ్బా గుండ్రం కాబట్టి పేపరు అడ్డంగా వంగుతుంది, నిలువుగా వంగదు. చూరు అడ్డగీత, కర్ర నిలువుగీత, అంతే.

గ్రీటింగ్ కార్డులు స్క్రీన్ ప్రింటింగ్ చేసిన సంవత్సరం గురించి మన వాట్సాప్ గ్రూపులో ఇప్పటికే కావలసినంత రాశారు, ఎవరి యూనిఫాం పాడైందో కూడా. నేను అది వదిలేస్తున్నాను.

తొమ్మిదిలో మమ్మల్ని జట్లుగా విడదీసి, ఊళ్ళో అక్షరాలు రాసేవాళ్ళ దగ్గర కూర్చుని రమ్మన్నారు. నాకు పడింది సైన్‌బోర్డు ఆర్టిస్టు గారి కొట్టు. దారానికి చాక్‌పొడి రాసి, రెండు కొసలూ బిగించి, మధ్యలో లాగి వదిలితే బోర్డు మీద తిన్నటి గీత పడుతుంది. చెయ్యి వణక్కుండా ఆనించుకోవడానికి చివర గుడ్డ చుట్టిన కర్ర. కొలబద్ద ఎక్కడా లేదు. నేను స్కేలు పెట్టి అక్షరం అక్షరానికీ సమానంగా దూరం కొలిచి పెన్సిల్‌తో గీసుకొస్తే ఆయన నవ్వి, "ఈ రెంటి మధ్యలోంచి సైకిల్ దూరిపోద్దమ్మాయ్, దగ్గరికి జరుపు" అన్నారు. అక్కడ ఉన్నవి ర, గ. గ పక్కకి కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది, ర గుండ్రంగా ఉంటుంది. కొలతకి దూరం సమానమే అయినా కంటికి సమానం కాదు. ఇప్పుడు మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకి దీన్నే కెర్నింగ్ అని చెబుతాను, ఎక్కదు, సైకిల్ మాట చెబితే ఎక్కుతుంది. ఫ్లెక్సీ మిషన్లు ఊళ్ళోకి వచ్చాక ఆయన కొట్టు మూసేశారు. ఒక రాత్రిలో ఇరవై అడుగుల బోర్డు ప్రింటై వచ్చేస్తుంటే వారం రోజులు ఎవరు ఆగుతారు? ఫ్లెక్సీ బోర్డుల మీద ఆ అక్షరాల మధ్యలోంచి సైకిల్ ఏం ఖర్మ, ఆటో కూడా వెళుతుంది.

ఆ ఏడాదే బడి క్రీడల బ్యాడ్జీకి బొమ్మ గీయమన్నారు, గీసిన ప్రతిసారీ వెనక్కి పంపారు. మేం సణుగుతుంటే మాస్టారు పింగళి వెంకయ్య గారి సంగతి ఎత్తారు. వెంకయ్య గారు పుట్టిన భట్లపెనుమర్రు మనకి ఎంత దూరం, ఆయన మన బందరు జాతీయ కళాశాలలో పనిచేసిన మనిషి. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీజీకి చూపించిన జెండాలో ఎరుపూ ఆకుపచ్చా రెండే రంగులు. తెలుపు కావాలని గాంధీజీ అన్నారు, రాట్నం వచ్చింది, 1931లో ఎరుపు పోయి కాషాయం వచ్చింది, రంగుల వరస మారింది, 1947 జులై 22న రాట్నం బదులు అశోకచక్రం పెట్టి రాజ్యాంగ సభ ఆమోదించింది. "ఆయన గీసినదానికే అన్ని మార్పులు చెప్పారు, నీ బ్యాడ్జీకి నేను నాలుగు చెబితే ఏడుస్తావా?" అన్నారు. ఏ క్లయింటైనా ఇరవయ్యోసారి లోగో కాస్త పెద్దది చేయండి అన్నప్పుడు నాకు ఆ మాట పనికొస్తుంది. ఒక్కోసారి పనికిరాదు కూడా, అది వేరే విషయం.

అసలు చెప్పాల్సింది బందరు పక్కనే ఉన్న పెడన గురించి. 2004లో బడి సంచిక కోసం కలంకారీ మీద ఫోటో వ్యాసం చేద్దామన్నారు. కెమెరా మాస్టారిదే, జెనిత్, రష్యాది, మెడలో వేసుకుంటే మెడ వంగిపోయేంత బరువు. ఫోకస్, వెలుతురు అన్నీ మనమే తిప్పుకోవాలి. రోలు ఒక్కటి, ముప్పై ఆరు ఫ్రేములు, మేం పన్నెండు మందిమి, మనిషికి మూడు. బటన్ నొక్కే ముందు ఫ్రేములో నాలుగు మూలల్లో ఏమున్నాయో నోటుబుక్కులో రాసుకోవాలని షరతు. రాస్తుంటే మనకే తెలుస్తుంది, ఒక మూలలో ఎవరిదో మోచెయ్యి, ఇంకో మూలలో ప్లాస్టిక్ బకెట్టు. పక్కకి జరిగి మళ్ళీ రాయి. అలా రాసుకుంటూ ఉండగా అద్దకం వాళ్ళు మమ్మల్ని మర్చిపోయి వాళ్ళ పనిలో వాళ్ళు పడిపోయారు, ఫోటోలు బాగా వచ్చింది అందుకే అని నా నమ్మకం.

బందరు కలంకారీ శ్రీకాళహస్తిలా కలంతో వేసేది కాదు, టేకు చెక్క మీద చెక్కిన అచ్చులతో అద్దేది. ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు. అంచుగీతకి ఒకటి, లోపల నింపడానికి వేరే. రెండో అచ్చు మొదటిదాని మీద సరిగ్గా కూర్చోకపోతే పువ్వొక చోట, దాని రంగొక చోట. తర్వాత ఆఫ్‌సెట్ ప్రెస్సులో నాలుగు రంగుల ప్లేట్లు కలవక మనుషులకి రెండేసి పెదాలు వచ్చిన షీట్లు చూపించి రిజిస్ట్రేషన్ పోయింది అన్నప్పుడు, ఓ ఇదేనా, పెడనలో చూశాం కదా అనుకున్నాం. గుడ్డని ముందు కరక్కాయ రసంలో గేదెపాలు కలిపి నానబెట్టి ఆరేస్తారు. తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్ళతో అద్దితే కరక్కాయ తగిలి నల్లగా తేలుతుంది. ఎరుపు రావాల్సిన చోట పటిక అద్దుతారు. అద్దినప్పుడు అక్కడ ఎరుపు ఏమీ కనపడదు. కాలవలో ఉతికి, రంగువేర్లు వేసిన నీళ్ళలో మరిగించినప్పుడు పటిక ఉన్నచోటే రంగు పట్టుకుని పైకి వస్తుంది. నేను ఆ రాగిపాత్ర పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయాను. మా చీకటిగదిలో ట్రేలోని తెల్లకాగితం మీద బొమ్మ తేలడం లాంటిదే ఇదీ, ముందే పడి ఉంటుంది, కనపడదు, మందు తగిలితే కనపడుతుంది. ఫోటోగ్రఫీ పుట్టడానికి ఎన్నో వందల ఏళ్ళ ముందునుంచీ మనవాళ్ళు గుడ్డ మీద ఈ పని చేస్తున్నారు.

నా మూడు ఫ్రేముల్లో ఒకటి నెమళ్ళ దుప్పటిది, అద్భుతంగా వచ్చింది. మాస్టారు దాన్ని పక్కన పడేశారు. ఆయన ఎంచుకున్నది షెడ్డు లోపల వెలుతురు చాలక కాస్త చెదిరిన ఫోటో, అచ్చు మీద పిడికిలితో గుద్దుతున్న ఒక పెద్దాయన చెయ్యి. చెయ్యి కదిలిపోయింది, అచ్చు మాత్రం స్పష్టంగా ఉంది. దుప్పటి ఫోటో ఏ కొట్టువాడైనా తీస్తాడన్నారు. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు చూస్తే నా నెమళ్ళ ఫోటో నిజంగానే కేటలాగులా ఉంది.

ఇక సంచిక పేజీల పని. చివరికి కంప్యూటర్ గది తాళం తీశారు, పేజ్‌మేకర్‌లో అను అనే తెలుగు ఫాంట్లతో పేజీలు కట్టడానికి కూర్చున్నాం. ఇంగ్లిష్ పేజీకి పెట్టిన లైన్ స్పేసింగ్‌నే తెలుగుకి ఉంచితే పై లైను ఒత్తులు కింది లైను గుడుల మీద కూర్చుంటాయి. క్షమించు, స్వాతంత్ర్యం, రాష్ట్రం లాంటి మాటలు వచ్చిన చోటల్లా గొడవే. లైన్లు ఎడం చేస్తే పేజీలు పెరుగుతాయి, ప్రెస్సులో లెక్క ఫారాల్లో ఉంటుంది, పదహారు పేజీలకి ఒక ఫారం, ఒక్క పేజీ ఎక్కువైనా ఇంకో ఫారం లేపాలి. అంత డబ్బు లేదు. అందుకని వ్యాసాలు కోశాం, కవితలు కోశాం, ఒక సీనియర్ అన్నయ్య గేయం సగానికి కోసినందుకు ఆయన పెళ్ళికి కూడా పిలవలేదు. శీర్షికలకి బాగా లావుపాటి ఫాంటు పెడితే ఘ, ఝ లాంటి అక్షరాల కడుపులు పూడుకుపోయి మచ్చల్లా కనిపించాయి. ఒక్కో పేజీ ప్రింటు తీసి, దాన్ని జిరాక్స్ తీసి, ఆ జిరాక్స్‌ని మళ్ళీ జిరాక్స్ తీసి, అందులో కూడా ష, ప తేడా తెలుస్తుంటేనే ఆ సైజు ఉంచమనేవారు మాస్టారు. లేబుల్ మీద తయారీ వివరాలు సన్నక్షరాల్లో వేసేటప్పుడు నేను ఇప్పటికీ ఆ పరీక్షే పెడతాను.

ఒక డీటీపీ సెంటర్లో లేజర్ ట్రేసింగ్, అంటే ప్రెస్సులో ప్లేటు చేయడానికి ట్రేసింగ్ పేపరు మీద ప్రింటు, తీయించడానికి ఫైల్ పట్టుకెళితే, వాళ్ళ దగ్గర మన ఫాంటు లేక తెలుగంతా ఇంగ్లిష్ అక్షరాలూ డాలర్ గుర్తులూ అయిపోయింది. పర్లేదమ్మా, ఇలాగే తీసేస్తాం, ప్రెస్సులో సరి అయిపోతుంది అన్నాడతను. ఎలా సరి అయిపోతుందో! సైకిల్ మీద బడికి వెనక్కి వచ్చి ఫాంట్లు ఫ్లాపీలో ఎక్కించుకుని పరుగెత్తాం. ఏ మిషన్లోనైనా తెలుగు తెలుగులాగే కనపడేలా చేసే యూనికోడ్ వచ్చాక ఆ బాధ పోయిందని మన జూనియర్లు అనుకుంటారు. పూర్తిగా పోలేదు. ఇన్‌డిజైన్‌లో పేజీలు కట్టేటప్పుడు వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు ఎంచుకోకపోతే ఈ రోజుకీ ఒత్తులు ఊడి పక్కన పడతాయి, అలా ఊడిన ఒత్తులతో అచ్చయిన శుభలేఖలు, ఫ్లెక్సీలు నేను సరదాకి ఫోటోలు తీసి దాస్తున్నాను.

కమిటీలో ఈ సంచిక పేజీలు కడుతున్నవాళ్ళకి రెండు మాటలు. ఒకటి, ప్రతి వ్యాసం వెనకా లేతరంగు పూలబొమ్మ వెయ్యకండి, చదవలేం. రెండు, ఆ పెడన రోలు నెగెటివ్‌లు ఎవరి దగ్గరో ఉన్నాయి, నా దగ్గర మాత్రం లేవు. ఎవరి బీరువాలో దొరికినా ఫోన్‌తో ఫోటో తీసి వాట్సాప్‌లో పంపకండి, అది సగం చంపేస్తుంది. తడిచేత్తో ముట్టుకోకుండా, అంచులు పట్టుకుని, కవర్లో పెట్టి కమిటీకి అందజేయండి. నేను 2400 డీపీఐలో స్కాన్ చేయించి, ఎవరివి వాళ్ళకి వెనక్కి ఇచ్చే పూచీ నాది. ఆ నెమళ్ళ దుప్పటి కూడా దొరికితే, మాస్టారు ఏమన్నా సరే, ఈసారి వేసేద్దాం.