ఇవాళ లిఫ్ట్ అంటారు, రేపు ఇంకోటి అంటారు

మా అపార్ట్‌మెంట్‌లో (సత్యనారాయణపురం, ఐదంతస్తులు, లిఫ్ట్ ఒక్కటే) పనివాళ్ళు లిఫ్ట్ ఎక్కకూడదని ఓ రూలు ఉంది. కాగితం మీద లేదు, వాచ్‌మన్ నోట్లో ఉంది. నాలుగో అంతస్తులో పనిచేసే ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, ఆవిణ్ణి లిఫ్ట్‌లో రానిద్దామని ఆ ఇంటివాళ్ళు మీటింగ్‌లో అడిగారు. అడిగింది అదొక్కటే. దానికి వచ్చిన జవాబు ఇది: "ఇవాళ ఈవిణ్ణి రానిస్తే రేపు పనివాళ్ళందరూ ఎక్కుతామంటారు, ఎల్లుండి డెలివరీ కుర్రాళ్ళు, ఆ తర్వాత చేపలమ్మేవాళ్ళు, చివరికి ఎవడొస్తున్నాడో ఎవడు పోతున్నాడో తెలీదు, దొంగతనాలు మొదలవుతాయి." రెండు నిమిషాల్లో మోకాళ్ళ నొప్పి దగ్గర్నుంచి బీరువా పగలగొట్టేదాకా వచ్చేశాం.

"సరే అంకుల్, దొంగతనాల సంగతి తర్వాత చూద్దాం, అసలు ఆవిడ లిఫ్ట్ ఎక్కడంలో తప్పేంటి?" అని అడిగాను. "తప్పని కాదమ్మా..." అని ఆగిపోయారు. పక్కనున్న ఇంకొకాయన మాత్రం డొంకతిరుగుడు లేకుండా చెప్పేశారు: "వాళ్ళతో కలిసి లిఫ్ట్‌లో నిలబడ్డం మాకు ఇబ్బంది." ఆ మాటకి ఎవరూ కాదనలేదు, అవుననీ అనలేదు, మెయింటెనెన్స్ డబ్బుల దగ్గరికి వెళ్ళిపోయారు. నాకైతే ఆ రెండో ఆయన మీదే కాస్త గౌరవం కలిగింది. చెప్పింది దరిద్రమైన మాటే, కానీ కనీసం అది అసలు కారణం. ఆ పనావిడ దగ్గర నాలుగో అంతస్తు ఇంటి తాళంచెవి ఉంటుంది, యజమానులు ఆఫీసుకి వెళ్ళాక ఇల్లంతా ఆవిడ చేతుల్లోనే ఉంటుంది. దొంగతనమే భయమైతే మెట్లెక్కి వచ్చినా ఆ భయం ఉండాలి కదా.

మొదటి మెట్టులో తప్పేంటో బయటికి చెప్పుకోలేనప్పుడు మనం పదో మెట్టు గురించి మాట్లాడతాం. ఇది మనకి కొత్తేమీ కాదు, చనువిస్తే చంకనెక్కుతారు అని వింటూనే పెరిగాం. అమ్మాయిని హాస్టల్‌కి పంపితే ఉద్యోగమంటుంది, ఉద్యోగమొస్తే మాట వినదు, మాట వినకపోతే ఎవణ్ణో తీసుకొస్తుంది. మా ఇంట్లో ఈ వరస నాకు కంఠతా వచ్చు.

అయితే దీనికి విరుగుడుగా ఈ మధ్య కుర్రాళ్ళు "అది స్లిపరీ స్లోప్ ఫాలసీ" (ఒక్క అడుగు వేస్తే చివరిదాకా జారిపోతాం అనే తప్పుడు వాదన) అని ఒక్క మాట పడేసి వాదన గెలిచేసినట్టు మొహం పెడుతున్నారే, అదీ నాకు నచ్చదు. ఎందుకంటే కొన్నిసార్లు నిజంగానే జారతాం. ఆధార్ చూడండి. 2010లో మొదటి నంబర్లు ఇచ్చినప్పుడు ఇష్టమున్నవాళ్ళే తీసుకోవచ్చన్నారు. రేపు దీన్ని అన్నిటికీ ముడిపెడతారు చూడండి అన్నవాళ్ళని అనవసరంగా భయపెడుతున్నారని కొట్టిపారేశారు. తర్వాత రేషన్, గ్యాస్ సబ్సిడీ, పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, చివరికి సిమ్ కార్డు. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చేదాకా అది అలా పాకుతూనే ఉంది. బ్యాంకు ఖాతాకీ సిమ్‌కీ తప్పనిసరి చేయకూడదని కోర్టు చెప్పింది, పాన్‌కీ సంక్షేమ పథకాలకీ ఉంచింది. (అయినా ఇప్పటికీ ఏ లాడ్జికి వెళ్ళినా ముందు అడిగేది ఆధార్ జిరాక్సే.)

అక్కడ ఎందుకు జారింది? ఒకసారి జనం అందరి దగ్గరా నంబరు ఉన్నాక, దాన్ని అడగడం ప్రతి శాఖకీ సుఖం, ప్రతి కంపెనీకీ ఖర్చు తగ్గుతుంది. అంటే తర్వాతి మెట్టు దిగితే లాభపడేవాళ్ళు కాచుకుని ఉన్నారు, వాళ్ళు తోశారు. దానంతటది జారలేదు.

తోసేవాళ్ళు లేనిచోట ఏమవుతుందో కూడా మనకి తెలుసు. వితంతు వివాహాల చట్టం 1856లో వచ్చింది. ఇక ధర్మం మంటగలిసిపోతుందని అప్పట్లో గోల చేసినవాళ్ళకి తక్కువేం లేదు. కలిసిందా? రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. చట్టం తలుపు తీసిన పాతికేళ్ళకి ఒక్క పెళ్ళి, అదీ ఆయన ఊళ్ళో అందరితో మాటలు పడి, పంతం పట్టి చేయిస్తే. అది జారుడంటే ఎలా, ఏటికి ఎదురీత అది.

ఆస్తి హక్కు కథా అంతే. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో చట్టం సవరించి, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది, దేశం మొత్తానికీ అలాంటి మార్పు రావడానికి 2005 దాకా పట్టింది. ఆడపిల్లకి వాటా ఇస్తే అన్నాచెల్లెళ్ళ మధ్య రాకపోకలుండవు, పుట్టిల్లు కోర్టుకెక్కుతుంది అన్నారు. గొడవలు జరగలేదని నేననను, జరిగాయి. కానీ నేను చూసిన ఇళ్ళల్లో ఎక్కువగా జరిగింది వేరు. పసుపు కుంకుమల కింద ఏదో ఇచ్చామనిపించి, చెల్లెల్ని రిజిస్ట్రార్ ఆఫీసుకి తీసుకెళ్ళి, నాకేమీ వద్దు అని సంతకం పెట్టించుకోవడం.

అందుకే ఎవరైనా "ఇవాళ ఇదంటే రేపు అదంటారు" అన్నప్పుడు నేను ఇప్పుడు అడిగేది, ఆ రేపటిదాంట్లో ఎవరికి లాభం, వాళ్ళని ఆపేది ఏముంది అని. ఈ ప్రశ్నతో చూస్తే కొన్ని భయాలు గాలిలో కలిసిపోతాయి, కొన్ని మాత్రం అస్సలు తీసిపారేయలేం. మా గుంటూరు మావయ్యది అలాంటిదే.

మావయ్య రిటైరైన లెక్చరర్, బ్రాడీపేటలో ఉంటారు. లివింగ్ విల్ రాస్తానని కూర్చున్నారు. అంటే, బాగయ్యే ఆశ లేని స్థితికి వస్తే వెంటిలేటర్ లాంటివి పెట్టొద్దు, పెట్టి ఉంటే తీసేయండి అని స్పృహలో ఉండగానే రాసిపెట్టడం. అరుణా శాన్‌బాగ్ (దాడికి గురై దశాబ్దాలపాటు ముంబై ఆసుపత్రిలో అచేతనంగా ఉండిపోయిన నర్సు) కేసులో 2011లో సుప్రీంకోర్టు చికిత్స ఆపడానికి కొన్ని షరతులతో దారి తెరిచింది, 2018లో ఇలా ముందే రాసుకునే హక్కు ఉందని చెప్పింది. అత్తయ్య ఒకటే మాట: "ఇవాళ మిషను తీయొచ్చు అంటారు, రేపు ఆస్తి కోసం ముసలాళ్ళకి జ్వరమొచ్చినా తీసేస్తారు."

నవ్వొచ్చేలా ఉన్నా ఇది మా లిఫ్ట్ గొడవ లాంటిది కాదు. ఐసీయూ బిల్లు రోజురోజుకీ పెరుగుతుంటుంది, స్థలాలకి ధరలున్నాయి, వారసులున్నారు. తోసేవాళ్ళు ఇంట్లోనే ఉండొచ్చు. బయట కొన్ని దేశాల్లో డాక్టరు సాయంతో చనిపోవడానికే అనుమతి ఉంది (మన దగ్గర అది నేరమే), వాటినీ చూశాను. కెనడాలో 2016లో చావు దగ్గరపడ్డవాళ్ళకే అన్నారు, 2021లో ఆ షరతు తీసేశారు. అమెరికాలోని ఒరెగాన్‌లో 1997 నుంచి చట్టం అమల్లో ఉంది, ఆరు నెలలకి మించి బతకరన్నవాళ్ళకే అన్న షరతు ఇప్పటికీ అలాగే ఉంది. బయల్దేరింది దాదాపు ఒకచోటి నుంచే, చేరింది మాత్రం ఒకచోటికి కాదు. పైగా కెనడా జారిందా, లేక ఆలోచించుకునే ఇంకో అడుగు వేసిందా అన్నది వాళ్ళల్లో వాళ్ళే ఇంకా తేల్చుకోలేదు.

మన దగ్గర బ్రేకులు ఎక్కడున్నాయో మావయ్య చదివి వినిపించారు. 2018లో పెట్టిన పద్ధతి మరీ కష్టంగా ఉందని 2023లో సులువు చేశారు, మేజిస్ట్రేటు బదులు నోటరీ గానీ గెజిటెడ్ ఆఫీసరు గానీ ఉంటే చాలు, ఇద్దరు సాక్షులుండాలి. మిషను తీయాలంటే మాత్రం ఆసుపత్రిలో ముగ్గురు డాక్టర్ల బోర్డు ఒప్పుకోవాలి, దాని మీద ఇంకో ముగ్గురి బోర్డు, అందులో ఒకరిని జిల్లా వైద్యాధికారి నియమిస్తారు. "జ్వరానికి ఆరుగురు డాక్టర్లు సంతకం పెడతారంటావా?" అన్నారు మావయ్య. "డబ్బిస్తే పెడతారు" అంది అత్తయ్య.

ఆ సమయానికి మాట్లాడే స్థితిలో లేకపోతే తన తరఫున చెప్పాల్సినవాళ్ళ పేరు కూడా ఆ కాగితంలో రాయాలి. మావయ్య బావ పేరు రాయలేదు, నా పేరు రాశారు. బావ మొహం చిన్నబోయింది. "వాడి మీద నమ్మకం లేక కాదే, నీకు నా ఆస్తిలో పైసా రాదు, అందుకని" అన్నారు నాతో, బావకి వినబడేలాగే. అత్తయ్య ఇంకా ఒప్పుకోలేదు. రెండో పేరు తనదే ఉండాలంటోంది, ఉంటే ఎంతమంది డాక్టర్లొచ్చి చెప్పినా తీయనివ్వనని ఇప్పుడే చెప్పేసింది.