చీటీ లేని చీర

న్యూజెర్సీలో పుట్టి పెరిగిన మా అమ్మాయికి పదహారేళ్లు. కొత్త బట్టల దుకాణానికి రమ్మంటే రాని ఈ పిల్ల, పాత బట్టలమ్మే థ్రిఫ్ట్ స్టోరులో మాత్రం గంటల తరబడి నిలబడి ప్రతి గౌనునూ తిరగేసి లోపలి కుట్లు చూస్తుంది. పరాయివాళ్లు విడిచిన బట్ట కట్టకూడదనే ఇంట్లో పెరిగిన నాకు ఇది చాలాకాలం మింగుడుపడలేదు.

ఒకసారి తను ఊలు స్కర్టు ఒకటి తెచ్చింది. ఎలా ఉతకాలో చెప్పే చీటీ అమెరికాలో 1972 జూలై నుంచి తప్పనిసరి అయిందని అప్పటికే తన దగ్గర నేర్చుకున్నాను కనుక, ఆ చీటీ లేని ఈ స్కర్టు అంతకు ముందుదేనని తేల్చేశాను. తను నవ్వి, పక్క కుట్టులో దాగిన ఎరుపు, తెలుపు, నీలం రంగుల చిన్న ముక్కను చూపించింది. అది ఆడవారి దుస్తులు కుట్టే కార్మికుల సంఘం ఐఎల్‌జీడబ్ల్యూయూ గుర్తు. ఈ మూడు రంగుల రూపం 1974లో వచ్చింది. 1995లో ఆ సంఘం మరొక సంఘంతో కలిసిపోయింది. ఉతుకు చీటీని ఎవరో కత్తిరించేశారు, నడుము పట్టీ కింద దాని తెగిన దారాలు ఇంకా ఉన్నాయి. "చీటీ ఉంటేనే సాక్ష్యం అమ్మా, లేకపోవడం సాక్ష్యం కాదు" అంది.

ఆ వేసవిలో కర్నూలు వెళ్లినప్పుడు మా అమ్మ ట్రంకు పెట్టెలోంచి గద్వాల చీర తీసింది. మనవరాలు అలవాటుగా అంచు వెంట చీటీ కోసం వెతికింది. అసలు పట్టు అని చెప్పే సిల్క్ మార్క్ చీటీ వచ్చిందే 2004లో, దీనికెక్కడిది? అమ్మ చీరను తిరగేసి, నూలు ఒడలూ పట్టు అంచూ కలిసేచోట అడ్డంగా నేసే పేక పోగులు ఒకదానినొకటి మెలేసుకున్న తీరును వేలితో తడిమి చూపించింది. కొంగులో జరీ అరిగినచోట ఎర్రటి పట్టుదారం కనిపించింది. వెండి తీగను పట్టు పోగు మీద చుట్టి బంగారు పూత పూసిన అసలు జరీకి లోపల ఉండేది అదే. మా అమ్మాయికి అదీ చాలలేదు. అమ్మమ్మను బతిమాలి కొంగు చివర ఒక పోగు లాగి కాల్చింది. వెంట్రుక కాలిన వాసన వచ్చి, మిగిలిన నల్లటి ఉండ వేళ్ల మధ్య పొడి అయింది. పాలిస్టరైతే కరిగి గట్టి పూసలా మిగిలేది.

ఒక కుచ్చెళ్ల మడతలో మట్టిరంగు చార ఉంది. అది 2009 అక్టోబరు వరదనీటిదని నాకు తెలుసు. ఆ పెట్టెను మిద్దె మీదికి మోసినవాళ్లలో మా అన్నయ్య ఉన్నాడు.

"ఎప్పటిది అమ్మమ్మా?"

"మీ మామయ్య కడుపులో ఉన్నప్పుడు, సీమంతానికి మా అత్తగారు పెట్టిందే."

మామయ్య పుట్టింది 1972 జనవరిలో. పిల్ల వేళ్లు మడిచి లెక్కపెట్టి, సీమంతం అయిదో నెలలో చేశారా, ఏడో నెలలోనా అని అడిగింది. ఏడో నెలలోనేనని అమ్మ చెప్పగానే, తన నోటు పుస్తకంలో స్కర్టు వివరాల కిందనే "1971 చివర" అని రాసుకుంది.