పళ్ళు కలవట్లేదని చెప్తే ఎవరూ వినలేదు

బాత్రూంలో కాలు జారి గడ్డం వాష్‌బేసిన్ అంచుకి కొట్టుకుంది. ఎమర్జెన్సీలో గడ్డం కింద కుట్లేసి, ఒక్క ఎక్స్‌రే తీసి పంపేశారు. పళ్ళు ఇదివరకులా కలవట్లేదు, కింది పెదవి మొద్దుబారిపోయింది అని రెండుసార్లు చెప్పాను. ఆ డాక్టర్ ఫోన్లోంచి తలెత్తకుండా, "వాపమ్మా, తగ్గితే అవే కలుస్తాయి, మీరు మరీ కంగారు పడుతున్నారు" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మూడో రోజుకి మింగడం కూడా కష్టమై పళ్ళ డాక్టర్ దగ్గరికెళ్ళా. ఆవిడ నాలుక ఎత్తమని, కింద రక్తం గడ్డకట్టి నల్లగా ఉండటం చూసింది, చెక్కపుల్ల కొరికి పట్టుకోమంది, కొంచెం తిప్పగానే నొప్పికి వదిలేశాను. దవడ విరిగిందని అక్కడే ఆవిడకి అర్థమైపోయింది. ఓపీజీ (దవడ మొత్తం ఒకేసారి కనపడే ఎక్స్‌రే), తర్వాత సీటీ తీస్తే గడ్డం పక్కన ఒకచోట, చెవి ముందు కీలు దగ్గర ఇంకోచోట విరిగింది. చేతి గాజు విరిగితే ఒక్కచోటే విరగదు కదా, దవడా చాలాసార్లు అంతే అంట.

ఆపరేషన్ గురించి చెప్పడానికేం లేదు, గడ్డం దగ్గర టైటానియం ప్లేటు, పైపళ్ళూ కిందపళ్ళూ కలిపి మూడు వారాలు వైర్లు, తర్వాత రబ్బర్లు. కానీ రెండో రాత్రి మర్చిపోలేను. మందుల వికారంతో వాంతి తన్నుకొచ్చింది, నోరు తెరుచుకోదు, ఊపిరాడదేమో అని చేతులు కొట్టుకుంటున్నా. తమ్ముడు లేచి నన్ను కూర్చోబెట్టి, "అక్కా, ముందుకు వంగు, ముక్కుతో పీల్చు, పళ్ళ సందుల్లోంచి అదే వచ్చేస్తుంది" అంటూ వీపు నిమురుతూ, ఇంకో చేత్తో వైర్ కట్టర్ పట్టుకుని నిలబడ్డాడు. నిజంగానే కారిపోయింది, కత్తిరించాల్సిన పని పడలేదు. వాడికి ఇదంతా ముందే నేర్పించిన నర్సు చల్లగా ఉండాలి. నేను గుడికి వెళ్ళేదాన్ని కాదు, ఆ రాత్రి మాత్రం గుర్తొచ్చిన దేవుళ్ళందరికీ దండం పెట్టుకున్నా, ఇప్పుడూ పెట్టుకుంటున్నా.

తర్వాత ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఆగిపోయింది. మొదటి ఆస్పత్రి కాగితంలో దెబ్బకి వేసిన కోడ్ ఎస్00, అంటే పైపై దెబ్బ. రెండో ఆస్పత్రిలో ఎస్02.6, కింది దవడ ఫ్రాక్చర్. ఒకే రోజు దెబ్బకి రెండు కథలు! మొదటి ఆస్పత్రిలో ఆ కోడ్ వేసిన అమ్మాయిని తిట్టబోయాను కానీ ఆమె తప్పు లేదు, డాక్టర్ రాసిందే కదా కోడ్ చేసేది, నేను చెప్పిన "పళ్ళు కలవట్లేదు" ఆ నోట్‌లో ఎక్కడా లేదు. చివరికి సర్జన్ గారు సీటీ రిపోర్టు జతచేసి, ఇది మొదటి రోజు దెబ్బే అని ఉత్తరం రాసిస్తే కదిలింది.

మీకెవరికైనా గడ్డానికి దెబ్బ తగిలి పళ్ళు తేడాగా కలిస్తే ఊరుకోకండి, ఆ మాట కాగితం మీద రాయించుకునేదాకా అక్కణ్ణుంచి కదలకండి. వైర్లు వేస్తే కట్టర్ మంచం పక్కనే ఉంచుకోండి.

రోజూ నోరు తెరిచే ఎక్సర్‌సైజులు చేస్తున్నా. మూడు వేళ్ళు నిలువుగా పట్టాలన్నారు, రెండు పడుతున్నాయి. పెదవిలో ఇంకా స్పర్శ పూర్తిగా రాలేదు, నిన్న మాత్రం ఒక మూల చిన్నగా చిమచిమలాడింది.